ఎడమ పక్క గూడు

కిందటి నెల జగ్గయ్యపేట నాటకశాలలో జరిగిన సంతాపసభలో అందరికన్నా ఆఖరున మాట్లాడినవాడు మా నాటకాల్లో రాజు వేషం కట్టే నటుడు. పగలు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం చేస్తాడు. మైకు ముందు అతను తడబడటం మేమెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం మాత్రం "ఆ రోజు నేను నిజంగా..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు.

ముందు వరసలో ఉన్నవాళ్ళం కొందరం అలవాటుకొద్దీ వేదికకి ఎడమ పక్కకి చూశాం. ఆ హాల్లో ఎవరికైనా మాట తట్టకపోతే అటునుంచే అందేది. ఆ అందించే మనిషి పోయినందుకే సభ పెట్టుకున్నామని ఒక క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది.

నేను నటుడి మొహం వదిలేసి కాళ్ళ వైపు చూశాను. అలా ఎందుకు చూశానో చెప్పాలంటే ముందు ఆ పోయిన మనిషిని గురించి చెప్పాలి.

ఆయన ప్రాంప్టర్. నాటకం నడుస్తున్నంతసేపూ ప్రేక్షకులకి కనపడకుండా పుస్తకం పట్టుకుని కూర్చుని, నటుడు ఎక్కడైనా మాట మరిచిపోతే అందించేవాడు. ఆయన గొంతు గొంతులా ఉండేది కాదు, ఊపిరికి అక్షరాలు తగిలించినట్టుండేది. వేదిక మీద నటుడికి స్పష్టంగా వినిపించే మాట ముందు వరసలో కూర్చున్న నాకు వినిపించేది కాదు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళు తప్ప ఎవరూ లేరు. నందిగామలోనూ పేటలోనూ అందరికీ ఆయన ప్రాంప్టర్ గారే.

ఉద్యోగం నందిగామ బస్టాండులో, ఎంక్వయిరీ కిటికీ వెనకాల. అక్కడ కూడా ఆయన చేసింది ప్రాంప్టింగే. ఒకసారి నేను కిటికీ పక్కన నిలబడి ఉండగా ఒకతను వచ్చి, "ఏమండీ, ఈ చందర్లపాడు..." అన్నాడు.

"ఆ చివర ఆగుద్ది. ఇప్పుడే వస్తది," అన్నారు ఈయన.

"అది కాదండి, చందర్లపాడు నుంచి మా అత్తగారు..."

"దిగింది. సోడా బండి కాడ నీ కోసమే చూస్తంది. పో."

అతను అటు చూసి నోరు తెరిచాడు. సోడా బండి దగ్గర సంచి పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడే ఉంది. ఈయనకి ఎలా తెలుసని అడిగితే, "అరగంట నించీ ఆమె 'మా అల్లుడు' అంటా ఉంది, ఇతను 'మా అత్త' అంటా వచ్చాడు. ఇద్దరివీ సగం సగం మాటలే. కలిపా," అన్నారు.

ప్రతిసారీ ఇంత చక్కగా కలిసేవి కావు. ఆయనకి ఎదుటివాడి నోట మాట ఆగితే ఊపిరాడేది కాదు. పెళ్ళిళ్ళలో, పరామర్శల్లో, బ్యాంకు వరసలో, ఎవరి వాక్యం ఎక్కడ ఆగినా దాన్ని పూర్తి చేసేవారు. సరైన మాటే పడాలని లేదు. ఒకసారి బహిరంగసభలో ఒక నాయకుడు, "వచ్చే ఎండాకాలం నాటికి మీ ఊరికి నేను..." అని చెమట తుడుచుకోవడానికి ఆగాడు. వేదిక మెట్ల దగ్గర నిలబడిన మన ప్రాంప్టర్ గారు "మంచినీళ్ళు" అన్నారు. నాయకుడు అది తన మనిషే అందించాడనుకుని, "మంచినీళ్ళు తెస్తానని హామీ ఇస్తున్నాను," అనేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన అసలు చెప్పాలనుకున్నది మళ్ళీ ఓట్లు అడగడానికి వస్తానని. నీళ్ళ కోసం తరవాత ఆ ఊరివాళ్ళు ఆ నాయకుడి ఇంటి ముందుకి వెళ్ళి కూర్చున్నారు.

ప్రాంప్టర్ గారి భార్య, నాటకశాల కమిటీ సెక్రటరీనైన నాతో అనేది: "సెక్రటరీ గారూ, ఈ ఇంట్లో నా మాట నేను చివరిదాకా చెప్పుకున్న రోజు లేదండి. కూరలో ఉప్పు అంటే..."

"సరిపోయింది," అన్నారు ఆయన పేపరు చదువుకుంటూనే.

"సరిపోయిందని కాదయ్యా నేను చెప్పేది! అయిపోయింది, తెమ్మంటున్నా. నా డైలాగు నన్ను చెప్పుకోనియ్యి."

ఆమె విసుక్కునేది, ఆయన నవ్వేవారు. ఉప్పు కోసం సంచి పట్టుకుని లేచేవారు.

ఇక హాలు సంగతి. మా నాటకశాలని ఊళ్ళో వర్తకులు కలిసి కట్టించారు. రాతి గోడలు, మంగుళూరు పెంకుల కప్పు, కింద నాపరాళ్ళు. మైకులు లేని కాలంలో కట్టిన హాలు. వేదికకి ఎడమ పక్క గోడలో ఆ నాటి మేస్త్రీ ఒక గూడు విడిచిపెట్టాడు. మనిషి ముడుచుకుని కూర్చునేంత గూడు. దాని అడుగు వేదిక మట్టానికి బాగా కింద ఉంటుంది. అందులో కూర్చుంటే కళ్ళు సరిగ్గా వేదిక బల్లల మీదుగా చూస్తాయి. అది ప్రాంప్టర్ చోటు. ఈయన చిన్నవయసులో అందులో దిగి కూర్చున్నారు.

ఆ గూట్లో మొదటి సంవత్సరాల్లోనే జరిగిన సంగతి ఒకటుంది. డెల్టా వైపు నుంచి పేరున్న నటుడు ఒకాయన అతిథిగా వచ్చి రాజు వేషం కట్టాడు. రాజు తన కిరీటాన్ని తానే తీసి నేల మీద పెట్టి పద్యం ఎత్తుకునే ఘట్టం అది. కిరీటం పెట్టాడు. పద్యం ఎత్తుకోలేదు. హార్మోనియం శ్రుతి నడుస్తూనే ఉంది. మన ప్రాంప్టర్ గారు పద్యం మొదటి మాట అందించారు. నటుడు కదల్లేదు. ఈయన మళ్ళీ అందించారు. నటుడు గూటి వైపు ఒక్క చూపు చూసి, పద్యం ఎత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున హోటల్లో ఆ నటుడు ఇడ్లీ తింటూ ఈయన్ని పిలిపించాడు. నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నాను.

"ఏమయ్యా ప్రాంప్టరూ, రాత్రి నేను పద్యం మర్చిపోయాననుకున్నావా?"

"అవునండి."

"మర్చిపోలేదు. ఆగాను. రాజ్యం పోయినవాడు గబగబా పద్యం పాడతాడటయ్యా? నేను జనం గుండెల్ని పట్టుకుని నిలబడి ఉంటే, నువ్వు కింద నించి పాములాగా బుస్సుబుస్సుమంటావేంటి?"

"ఆగినవాడికీ మర్చిపోయినవాడికీ తేడా ఎట్టా తెలుసుద్దండి?" అని అడిగారు ఈయన. ఎదురు చెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే.

నటుడు, "అది నాకెట్టా తెలుస్తుందయ్యా? ఆ గూట్లో కూర్చునేది నువ్వు. నువ్వే కనుక్కో," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఈయన కనుక్కున్నారు. ఎంతకాలానికి కనుక్కున్నారో నా డైరీలో లేదు, ఎలా చెప్పారో మాత్రం ఉంది. నందిగామ నుంచి పేటకి ఒకే బస్సులో వస్తున్నాం. ఉన్నట్టుండి అన్నారు: "మొహం అబద్ధం చెబుద్దండి. యాక్టరు మొహం మరీను. మర్చిపోయినోడు కూడా ఏదో ఆలోచిస్తన్నట్టు పెడతాడు. కాళ్ళు మటుకు అబద్ధం చెప్పవు. మాట కోసం ఎతుక్కునేవాడికి కుడికాలి బొటనవేలు పైకి లేస్తది. మాట నోట్లో ఉండి ఆగినోడికి వేలు నేలకే ఉంటది. నేను ఇప్పుడు మొహాలు చూట్టం మానేశా."

మా నటులు వేదిక మీదకి చెప్పులతో ఎక్కరు కాబట్టి ఆ పద్ధతి సాగింది. గూట్లోంచి ఆయన కళ్ళకి ఎదురుగా కనపడేవి పాదాలే. నేను ఆ తరవాత చాలా నాటకాల్లో పరీక్షగా చూశాను. ఆయన చెప్పిందే నిజమయ్యేది. వేలు లేచినప్పుడే మాట అందేది. లేవకపోతే ఎంతసేపైనా ఆయన ఊరుకునేవారు. ఇంట్లో ఉప్పు మాట పూర్తి కానివ్వని మనిషి, ఆ గూట్లో మాత్రం ఊరుకోవడం నేర్చుకున్నారు.

తరవాత హాలుకి మంచి రోజులు పోయాయి. కొన్నాళ్ళు సినిమాలు వేశారు. అదీ సాగక సిమెంటు బస్తాలు నిలవ చేసే గోడౌను అయింది. నాటకాలు హైస్కూలు ఆవరణలో పందిళ్ళలోకి మారాయి. అక్కడ ఆయన వేదిక పక్కన గంగాళం బోర్లించుకుని దాని మీద వంగి కూర్చునేవారు, మెడ నేలకి ఆనించినంత పని చేసి. ఎవరైనా నవ్వితే, "మెడ నొప్పి రేప్పొద్దుటికి పోద్ది. తప్పుగా అందించిన మాట పోదు," అనేవారు.

హాలు మళ్ళీ బాగు చెయ్యాలని ఊరివాళ్ళు కమిటీ వేసుకున్నప్పుడు నేను కాలవల శాఖలో రిటైరై ఖాళీగా ఉన్నాను. నన్ను సెక్రటరీని చేశారు. తాళం తీసిన రోజున ప్రాంప్టర్ గారు అందరికన్నా ముందు వచ్చి నిలబడ్డారు. పెంకుల్లోంచి వాన కారి, వదిలేసిన బస్తాల్లో సిమెంటు గడ్డకట్టి, బస్తా ఆకారంలో బండలైంది. అలాంటి బండ ఒకటి గూట్లో ఇరుక్కుని ఉంది. కూలీలు గునపాలతో దాన్ని పెళ్ళగించి బయటికి లాగారు. ఆయన తువాలుతో గూడు దులిపి, లోపలికి దిగి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

"సరిపోతన్నానండీ ఇంకా," అన్నారు లోపలినించి.

ఆ గూటి దగ్గరే తగాదా వచ్చింది. హాలుని బాగు చెయ్యడానికి విజయవాడ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఒక అమ్మాయి, మర్యాద తెలిసిన మనిషి. కొత్త లైట్లకీ ఏసీకీ కరెంటు ప్యానెల్ బోర్డు పెట్టాలి. నేల నుంచి చెమ్మ ఎక్కని గోడ, బయటి తీగకి దగ్గరగా ఉన్న గోడ అదొక్కటే. ఆమె ప్లానులో గూడు మూసేసి అక్కడ ప్యానెల్ చూపించింది.

"అమ్మా, ఒకసారి ఇందులో కూర్చుని చూడు," అన్నారు ప్రాంప్టర్ గారు.

ఆమె నవ్వుతూ చున్నీ సర్దుకుని దిగింది.

"ఏం కనపడతందమ్మా?"

"కాళ్ళు అంకుల్. అందరి కాళ్ళే కనపడుతున్నాయి."

"అదే మరి. అదే నాకు కావాల్సింది. ఇంకెక్కడ కూర్చోబెట్టినా నేను గుడ్డోణ్ణే."

ఆమె చాలాసేపు గోడల వైపు చూసింది. ప్యానెల్ మరోచోట పెట్టే దారి వెతకాలని నిజంగానే ప్రయత్నించింది. దొరకలేదు. విషయం కమిటీ ముందుకి వచ్చింది. ఒకాయన, "ఇప్పుడు ప్రాంప్టింగ్ ఎవరికి కావాలండీ? నాటకం మొత్తం ఫోన్లలో విని బట్టీ పడుతున్నారుగా," అన్నాడు. ఇంకొకాయన, "పక్కన స్టూలు వేద్దాం, దర్జాగా కూర్చుంటాడు," అన్నాడు. అధ్యక్షుడికి ఆయన ఎదురుగా ఆ మాట చెప్పడం ఇబ్బందిగా ఉంది. గొంతు సవరించుకుని, "కాబట్టి ప్రాంప్టర్ గారూ, మీరు ఏమీ అనుకోకపోతే, ఆ గూడు..." అని ఆగాడు.

"తీసేస్తన్నారు," అని అందించారు ఆయన.

"తీసేస్తున్నాం," అన్నాడు అధ్యక్షుడు.

నేను మినిట్స్‌లో ఆ తీర్మానం రాశాను. ప్రాంప్టర్ గారు టీ తాగి, గ్లాసు పెట్టి, నాతో పాటే బస్సెక్కారు.

పునఃప్రారంభం రోజున వేసింది ఆ కిరీటం నాటకమే. రాజు వేషం మా సిమెంటు ల్యాబు నటుడు. హాలు నిండిపోయింది. వేదిక పైనుంచి కొత్త మైకులు వేలాడుతున్నాయి. నటులు ఎక్కడ నిలబడి ఎంత మెల్లగా మాట్లాడినా పట్టేస్తాయని సౌండువాళ్ళు మహా గొప్పగా చెప్పారు. ప్రాంప్టర్ గారికి ఎడమ పక్క నల్లగుడ్డ చాటున స్టూలు వేశారు. ఆయనకీ వేదికకీ నడుమ ఒక స్పీకరు పెట్టె ఉంది. కూర్చుంటే నటుల మొహాలు కనపడతాయి. మోకాళ్ళ కింద ఏమీ కనపడదు.

రాజు కిరీటం తీసి నేల మీద పెట్టాడు. ఆగాడు. శ్రుతి నడుస్తోంది. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆ ఆగడం చాలా బాగుంది. అప్పుడు, ఇన్నేళ్ళలో ముందు వరసలోంచి నేనెన్నడూ వినని ఆ ఊపిరి గొంతు, స్పీకర్లన్నిట్లోంచీ, గోడలన్నిట్లోంచీ హాలంతా వినపడింది. పద్యం మొదటి మాట. మళ్ళీ ఇంకొకసారి అదే మాట.

హాలు గొల్లుమంది. వెనక వరసల్లోంచి ఎవరో, "ప్రాంప్టర్ గారికి వన్స్ మోర్!" అని అరిచారు. దాంతో నవ్వు ఇంకా పెరిగింది. నటుడు ఆ నవ్వు తగ్గేదాకా ఉండి, పద్యం ఎత్తుకుని, గొప్పగా పాడి నెగ్గుకొచ్చాడు. దానికి అసలైన వన్స్ మోర్‌లు పడ్డాయి. నాటకం బాగానే ముగిసింది.

తెరపడ్డాక నేను లోపలికి వెళ్ళేసరికి ప్రాంప్టర్ గారు మేకప్ గది గుమ్మం దగ్గర పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నారు.

"సెక్రటరీ గారూ, మీరు ముందు వరసలో ఉన్నారుగా. బొటనవేలు లేచిందా?"

"నేను మొహం చూస్తున్నానండి," అన్నాను.

"అందరూ అంతే," అన్నారు. కోపంగా కాదు.

ఇంతలో నటుడు సగం రంగు తుడుచుకుని, ఉత్తకాళ్ళతో, నగలు తీయకుండానే బయటికి వచ్చాడు. "బాబాయ్, మీరుండబట్టి బతికా. నిజంగా మర్చిపోయా. ఆ మాట మీరు అందించకపోతే ఇవాళ నా పరువు పోయేది," అన్నాడు.

ప్రాంప్టర్ గారు తల వంచుకున్నారు. అందరిలో నవ్వులపాలయ్యాక ఎవరైనా అలాగే తల వంచుకుంటారని నేననుకున్నాను. కాసేపటికి తలెత్తి, "సరేలే నాన్నా. పో, రంగు తుడుచుకో, చెమటకి దురద పుడద్ది," అన్నారు.

ఆ తరవాత ఆయన హాలుకి రాలేదు. మనిషి మామూలుగానే ఉన్నారు. నందిగామ కూరగాయల మార్కెట్లో కనిపించేవారు, వానల గురించీ మిరప ధర గురించీ మాట్లాడేవారు. ఒక తేడా మాత్రం గమనించాను. నేను మాట మధ్యలో ఆగితే ఆయన పూర్తి చేసేవారు కాదు. నేను చెప్పేదాకా ఎదురు చూసేవారు. ఆ రోజు తగిలిన దెబ్బకి మాట అందించడమే మానేశారనుకున్నాను.

ఆయన పోయాక పరామర్శకి వెళితే, ఆయన భార్య కూడా ఆ సంగతే చెప్పింది. "ఈ ఆఖరి రోజుల్లో నన్ను ఎంత చెప్పుకోవాలంటే అంత చెప్పుకోనిచ్చాడండి. చెంబు పట్టుకుని మాట కోసం ఎతుక్కుంటా నిలబడితే, ఎతుక్కో, నాకేం తొందర్లేదు అనేవాడు. ఏందయ్యా నీకీ కొత్త బుద్ధి అంటే నవ్వేవాడు." ఆ తరవాత ఏదో చెప్పబోయి, మాట దొరక్క, గోడకున్న ఆయన చొక్కా వైపు చూస్తూ కూర్చుంది. నేనూ అందించలేదు.

ఇప్పుడు సంతాపసభకి వస్తాను. వేదిక మీద ఆయన ఫోటో, దానికి దండ. ఎడమ పక్క ప్యానెల్ బోర్డు, దాని మీద ఎర్ర దీపం. ముందు వరసలో నా పక్కన ఆయన భార్య. మైకు ముందు నటుడు "ఆ రోజు నేను నిజంగా..." అని ఆగిపోయి ఉన్నాడు. అతను చెప్పబోయేది ఏ రోజు సంగతో హాల్లో అందరికీ తెలుసు. వెనక నుంచి గొంతులు మొదలయ్యాయి. "మర్చిపోయాను," అన్నారొకరు. "మర్చిపోయాను, చెప్పండి పర్లేదు," అన్నారింకొకరు.

నేను కాళ్ళ వైపు చూశాను. కుడికాలి బొటనవేలు పైకి లేచి ఉంది. ఆగడం కాదు, వెతుక్కోవడం.

"మర్చిపోలేదు."

ఆ మాట నా పక్కనుంచి వచ్చింది. గుసగుసగా కాదు, వంటింట్లోంచి వాకిట్లోకి వినపడేంత గట్టిగా. నటుడు ఉలిక్కిపడి కిందికి చూశాడు.

"పిన్నీ..."

"ఆయనకి తెలుసు నాయనా," అంది ఆమె కూర్చున్న చోటునుంచే. "ఆ రోజే ఇంటికొచ్చి చెప్పాడు. మర్చిపోయా బాబాయ్ అని నువ్వంటా ఉంటే నీ కాళ్ళు చూశాడంట. బొటనవేలు ఇంత లేచిందంట. 'దొరికిపోయాడే కుర్రాడు, నా కోసం అబద్ధం ఎతుక్కుంటన్నాడు' అని ఒకటే నవ్వు. 'ఆగాడే, ఎంత బాగా ఆగాడో, నేనే పాడు చేశా' అన్నాడు. అన్నం తినేటప్పుడు కూడా అదే మాట."

మేకప్ గది గుమ్మం దగ్గర ఆయన తల ఎందుకు వంచారో అప్పుడు తెలిసింది నాకు.

నటుడు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఈసారి హాల్లో ఎవరూ అందించలేదు. అతను మైకు సరిచేసుకుని, మాట అందిన నటులందరూ చేసినట్టే, వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

"ఆ రోజు నేను నిజంగా మర్చిపోలేదు," అన్నాడు.

బొటనవేలు నేలకి దిగింది.